రెప్పల్లో రెండో వరుస

కంటి డాక్టరుకు మనిషిలో కన్ను తప్ప ఇంకేమీ కనపడదు. దాదాపు ముప్పై ఏళ్ళు చిత్తూరు, తిరుపతి ప్రభుత్వాసుపత్రుల్లో చీకటి గదిలో కూర్చుని నేను సాధించిన ప్రావీణ్యం ఇదే. నా ముందు స్టూలు మీద కూర్చున్నవాళ్ళు కుంటుకుంటూ వచ్చారో, ఏడుస్తూ వచ్చారో నాకు తెలియదు. గడ్డం ఇక్కడ పెట్టు, నుదురు ఆనించు, కదలొద్దు, తర్వాతి వాళ్ళు రండి. నా ఉద్యోగంలో నేను ఎక్కువసార్లు పలికిన మాటలు ఇవే.

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చిందో, ఎన్ని శుక్లాలు తీశానో ఇందులో ఉండదు. శుక్లాల సంగతి తెలియాలంటే ప్రతి మార్చిలో టార్గెట్ పూర్తయిందని మేం పైవాళ్ళకు పంపిన నివేదికలు చూడండి. ఆ నెలలో జిల్లా అంతా వెతికినా శుక్లం లేని ముసలి కన్ను దొరికేది కాదు. నేను చెప్పదలచుకున్నది ఒక తల్లి గురించి, కూతురి గురించి, వాళ్ళ ఒంట్లో ఉన్న ఒక జన్యువు గురించి. ఈ ముగ్గురిలో నేను శ్రద్ధగా చదివింది జన్యువును మాత్రమే.

పెద్ద సారు శాస్త్రం

తొంభైల మొదట్లో నేను చిత్తూరులో చేరేనాటికి మా విభాగాన్ని ఏలుతున్నాయనను అందరం పెద్ద సారు అనేవాళ్ళం. చెయ్యి బంగారం. ఆయన కుట్టు వేస్తే కుట్టు ఎక్కడుందో వెతుక్కోవాలి. ఆ చేతిని చూసి నేర్చుకున్నదాంతోనే నేను ఇన్నేళ్ళు బతికాను, కాబట్టి ఆయనను ఊరికే వెక్కిరించడానికి నాకు నోరు రాదు. కారణం చూపించే వెక్కిరిస్తాను.

ఆయనకు రెండు సూత్రాలుండేవి. ఒకటి, ఈ జిల్లాలో రెప్ప వెంట్రుక గుడ్డుకు గుచ్చుకుంటే అది ట్రకోమా. ట్రకోమా అంటే ఈగల వల్లా మురికి చేతుల వల్లా ఒకరినుంచి ఒకరికి అంటుకునే కంటి జబ్బు. రెప్ప లోపల మచ్చలు కట్టి, రెప్ప ముడుచుకుపోయి, వెంట్రుకలు లోపలికి తిరుగుతాయి. రెండో సూత్రం, కంటి డాక్టరు మెడ కిందికి చూడకూడదు.

"సూడమ్మా, నువ్వు కాళ్ళు సూస్తే కాళ్ళ డాక్టరు కండ్లు సూస్తాడు. ఆపైన ఇద్దరమూ ఉద్యోగాలు ఇడిసిపెట్టి ఇంటికి పోవాల్సిందే" అనేవారు.

నేను బుద్ధిమంతురాలిని. రెండు సూత్రాలూ పాటించాను. ట్రకోమా అని రాయడంలో ఒక సుఖం కూడా ఉంది. జబ్బుకు పేరు పెట్టినట్టూ ఉంటుంది, తప్పు రోగిదేనని తేల్చినట్టూ ఉంటుంది. మందు లేకపోయినా ఉపన్యాసం ఇవ్వవచ్చు.

మునెమ్మ

మునెమ్మది పలమనేరు పక్క పల్లె. రెండు సీమావులు, కాస్త టమాటా తోట. ఆరు వారాలకొకసారి పాలు పిండి పోసేసి, తొలి బస్సెక్కి వచ్చేది. కళ్ళు ఎర్రగా ఉండేవి, నీళ్ళు కారుతుండేవి. సన్న పట్టకారుతో నేను వెంట్రుకలు ఒక్కొక్కటే పీకేదాన్ని. ఆమె కదిలేది కాదు, మూలిగేది కాదు. అంత మంచి రోగి నాకు ఎప్పుడూ దొరకలేదు. ఆరు వారాలకు అవి మళ్ళీ మొలిచేవి.

మొదటిరోజే చీటీ మీద ట్రకోమా అని రాసి, ఉపన్యాసం ఇచ్చాను. పేడ దగ్గర ఈగలుంటాయి, చేతులు కడుక్కో, నీ ముఖం కడుక్కో, పిల్లల ముఖాలు కడుగు. ఆమె ప్రతి మాటకూ తల ఊపింది. నాకు చాలా తృప్తిగా ఉంది.

రెండేళ్ళ తర్వాత ఒకరోజు పీకించుకుంటూనే అంది.

"డాక్టరమ్మా, పిల్లోల్ల మొగాలు దినానికి నాలుగు తూర్లు కడుగుతా ఉండాను. నాదీ అంతే. సోపు అరిగిపోతా ఉండాది గానీ ఎంట్రుకలు పోలేదు."

"ఐదు తూర్లు కడుగు" అన్నాను.

ఈ సమాధానం నేను ఇచ్చానని మీరు నమ్మకపోతే సంతోషిస్తాను. కానీ ఇచ్చాను. ఆమె ఐదుసార్లు కడిగింది కూడా. ఆ ఇంటికి కొన్నేళ్ళ తర్వాత వెళ్ళి చూశాను కాబట్టి చెబుతున్నాను, అంత శుభ్రమైన పశువుల కొట్టం మా ఆసుపత్రి వార్డుల పక్కన పెడితే మేం సిగ్గుపడాలి.

ఇక నేను చూసిందేమిటో చెప్పాలి. ట్రకోమా అయితే రెప్ప తిప్పితే లోపల మచ్చలుండాలి. మునెమ్మ రెప్ప లోపల నున్నగా ఉండేది. రెప్ప ముడుచుకోలేదు. మామూలు వెంట్రుకలు వాటి చోట అవి బయటికే ఉండేవి. గుచ్చుకునేవి వేరే. వాటి వెనక, రెప్ప అంచున నూనె గ్రంథులు తెరుచుకునే చోట్లనుంచి, ఇంకో వరుస మొలిచేది. ఎవరో తాడు పట్టి నాటినట్టు తీరుగా ఉండేది. ట్రకోమా అంత తీరుగా పని చేయదని వైద్యవిద్యార్థికి కూడా తెలుసు.

ఆ వరుసను నేను పదేళ్ళు చూశాను. పీకుతున్నది దాన్నే కదా, చూడకుండా ఎలా పీకుతాను? కానీ చీటీ మీద పైన ట్రకోమా అని ఉంది, కింద ప్రతిసారీ "అదే" అని రాశాను. ఆసుపత్రిలో అన్నిటికంటే గట్టి జబ్బు మొదటి చీటీ మీద రాసిన జబ్బే. దాన్ని ఏ మందూ కదిలించలేదు.

మెడికల్ బోర్డు

కొత్త శతాబ్దం మొదలైంది. పెద్ద సారు ఆసుపత్రికంతటికీ పెద్ద అయ్యారు, మెడికల్ బోర్డుకు కూడా ఆయనే అధ్యక్షులు. ప్రభుత్వ శిక్షణల్లో చేరేవాళ్ళు ఆరోగ్యంగా ఉన్నారని ఆ బోర్డు సర్టిఫికెట్ ఇవ్వాలి. ఒక కాగితం, అందులో గడులు. కళ్ళ గడి నాది, కాళ్ళూ ఎముకలూ సర్జన్‌వి, గుండే ఊపిరితిత్తులూ ఫిజీషియన్‌వి. మనిషిని గడులుగా కోసి పంచుకుని, ఎవరి ముక్క వాళ్ళు బాగుందని రాసి, చివర అందరం సంతకం పెట్టేవాళ్ళం.

ఆరోజు నర్సు శిక్షణకు ఎంపికైన అమ్మాయిలు వచ్చారు. అందులో మునెమ్మ కూతురు దొరసాని ఉంది. ఇంటర్ పాసైంది, ఊళ్ళో ఎవరికి జ్వరమొచ్చినా ఆరోగ్య ఉపకేంద్రం నర్సమ్మ వెంట తిరిగేదట. తల్లి నన్ను చూసి ధైర్యంగా నవ్వింది. తెలిసిన డాక్టరమ్మ బోర్డులో ఉంది కదా అని.

గోడమీది అక్షరాలు చదివించాను. చివరి వరుస దాకా గడగడా చదివింది. నా గడిలో "బాగున్నాయి" అని రాసి పక్కకు పంపాను. సర్జన్ చూసి తన గడిలో రాశాడు: రెండు కాళ్ళూ వాపు, బోదకాలు, వార్డులో పనికి అనర్హురాలు.

అప్పుడు కరెంటు పోయింది. ఆ రోజుల్లో చిత్తూరులో కరెంటు పోవడం వింత కాదు, ఉండటమే వింత. బల్లలు వరండాలోకి లాగించారు. ఎండలో తల్లీకూతుళ్ళు ఇద్దరూ నా ఎదురుగా నిలబడ్డారు. సర్జన్ చూడటానికి పైకెత్తిన పావడా దొరసాని ఇంకా అలాగే పట్టుకుని ఉంది. పాదాల నుంచి పిక్కల దాకా వాపు. పక్కన మునెమ్మ మెట్టు మీద కాలు పెడితే చీర తొలగింది. ఆమె కాళ్ళూ అంతే. పదేళ్ళుగా నా దగ్గరికి నడిచి వచ్చిన కాళ్ళు. అవి నేను అప్పుడే మొదటిసారి చూశాను.

దొరసాని ముఖం వెలుతురుకు తిప్పి రెప్ప పైకి లాగాను. రెండో వరుస. తీరుగా, తల్లికి ఉన్నట్టే.

"ఇవి ఎబ్బుడినించి ఉండాయి?"

"సిన్నప్పట్నించీ మేడమ్. అమ్మే తీస్తాది, ముళ్ళు తీసే శ్రావణంతో."

"కాళ్ళ వాపు?"

"ఎనిమిదో తరగతిలో మొదులైంది. అబ్బుడినించీ బోదకాలు మాత్రలు ఇస్తా ఉండారు."

మునెమ్మ కల్పించుకుంది. "మా నాయనకీ ఇంతే డాక్టరమ్మా. కండ్లూ ఇంతే, కాళ్ళూ ఇంతే. పాపం ఆయనకు మొగం కడగమని సెప్పినోల్లు లేరు."

పీజీలో చదివిన ఒక వాక్యం గుర్తొచ్చింది. రెప్పల్లో రెండో వరుస వెంట్రుకలు, యుక్తవయసులో కాళ్ళ వాపు, ఒకే వంశంలో. పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకుని, గౌరవంగా మరిచిపోయిన వాక్యం. పెద్ద సారు దగ్గరికి వెళ్ళాను.

"సార్, ఇది బోదకాలు కాదు. వంశంలో వచ్చేది. ఎవురికీ అంటుకోదు. తల్లి రెప్పలూ ఇంతే."

"తల్లి సీటీలో ఏం రాసుండాది?"

"ట్రకోమా."

"ఎవురు రాసింది?"

"నేనే సార్."

"ఎన్నేండ్లు?"

"పదేండ్లు సార్."

"ఇబ్బుడు బోర్డు కాగితంలో అది తప్పని రాస్తే, ఎవురైనా అడిగితే నువ్వు సెప్పుకోవాల, నేనూ సెప్పుకోవాల. ముందు బాగా ఖాయం సేసుకో. బిడ్డ సిన్నదే కదా, వచ్చే ఏడు మళ్ళీ వస్తాది."

ఖాయం చేసుకోవాలి! ఎంత శాస్త్రీయంగా ఉందో చూడండి. భయపడ్డవాళ్ళు దాక్కోవడానికి ఇంతకంటే మర్యాదైన మాట మా వృత్తిలో లేదు. సంతకం పెట్టాను. బయట మునెమ్మతో, "వచ్చే ఏడు సూద్దాం. ఆ మాత్రలు మాత్రం ఇక ఎయ్యొద్దు" అన్నాను. నోటితో అన్నాను. కాగితం మీద ఏమీ రాసివ్వలేదు.

ఈగ తల

చెప్పానుగా, జన్యువు దగ్గర నాకు చాలా శ్రద్ధ. సెలవు దొరికినప్పుడల్లా తిరుపతి వెళ్ళి, విశ్వవిద్యాలయంలో జన్యుశాస్త్రం చెప్పే సుధాకర్ అనే లెక్చరర్‌ను పట్టుకున్నాను. మునెమ్మ వంశవృక్షం గీసి చూపించాను. ఆయన చూసి, "ఇది ఫాక్స్ సి2 మేడమ్. దీన్ని కనిపెట్టి ఎంతో కాలం కాలేదు. ఫోర్క్‌హెడ్ కుటుంబం" అన్నారు.

పండిన అరటిపండు మీద ముసిరే చిన్న ఈగలుంటాయి చూడండి, వాటిని సాకుతూ కూర్చునే శాస్త్రవేత్తలకు ఒకసారి ఒక వింత పిల్లపురుగు కనపడిందట. దాని తల చీలి రెండు మొనలుగా ఉంది. ఏ జన్యువు చెడితే అలా అయిందో పట్టుకుని, దానికి ఫోర్క్‌హెడ్, అంటే చీలిన తల అని పేరు పెట్టారు. తర్వాత వెతికితే అలాంటి జన్యువులు ఎలుకలో ఉన్నాయి, మనిషిలో డజన్లకొద్దీ ఉన్నాయి, వాటన్నిటి పొట్టి పేరే ఫాక్స్. మునెమ్మ జబ్బు ఈగల వల్ల వచ్చింది కాదని చివరికి నాకు చెప్పింది ఒక ఈగే.

ఇవి చేసే ప్రోటీన్లు స్వయంగా ఏ పనీ చేయవు. ఇల్లు కట్టేచోట మేస్త్రీ ఇటుక మోయడు, ఎవరు ఎప్పుడు ఏ ఇటుక ఎత్తాలో చెబుతాడు. ఇవీ అంతే. డీఎన్ఏ మీద కూర్చుని మిగతా జన్యువుల్లో ఏది ఇప్పుడు పని చేయాలో, ఏది ఊరుకోవాలో చెబుతాయి. ఫాక్స్ సి2 అనే మేస్త్రీకి కడుపులో బిడ్డ తయారవుతున్నప్పుడు రెండు చోట్ల పని. రెప్ప అంచున ఇది నూనె గ్రంథి కావాలి, వెంట్రుక కుదురు కాకూడదు అని చెప్పాలి. ఒంట్లో లింఫు అనే ఊటనీరు తిరిగే సన్నటి నాళాల్లో, నీరు వెనక్కి జారకుండా కవాటాలు కట్టించాలి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే రెండు ప్రతుల్లో ఒకటి చెడితే మేస్త్రీ సగం కూలికే వస్తాడు. రెప్పలో వెంట్రుక మొలుస్తుంది, కవాటం సరిగా మూసుకోదు, నీరు కాళ్ళలో నిలుస్తుంది. దోమ లేదు, ఈగ లేదు, మురికి లేదు.

సుధాకర్ గారు ఉత్సాహపడి మిగతా కుటుంబం గురించి కూడా చెప్పారు. ఫాక్స్ పి3 చెడితే మన రక్షణ వ్యవస్థకు కళ్ళెం తెగి అది మన ఒంటినే కొడుతుంది. మగబిడ్డలు విరేచనాలతో, పసితనంలోనే షుగరుతో చచ్చిపోతారు. పి2 చెడితే మాట తిరగదు. ఫాక్స్ ఓ అనే శాఖకు ఇన్సులిన్‌తోనూ, కణాల ముసలితనంతోనూ, కేన్సర్‌తోనూ లావాదేవీలున్నాయి. సి1 చెడితే పిల్లల్లో నీటికాసులు. ఎల్2 అన్నప్పుడు నేను ఉలిక్కిపడ్డాను. అది చెడితే కళ్ళు చిన్నవై రెప్పలు వాలిపోతాయి, కొందరు ఆడపిల్లల్లో గర్భకోశం పక్క అండాశయాలు పాతికేళ్ళకే చేతులెత్తేస్తాయి. అలాంటి రెప్పలు నేను ఆపరేషన్ చేసి ఎత్తాను, ముగ్గురో నలుగురో అమ్మాయిలకు. అద్దంలో చూసుకుని మురిసిపోయారు. తర్వాత వాళ్ళు పిల్లలు కలగడం లేదని ఏ ఆసుపత్రి మెట్లెక్కారో, ఎవరితో ఏం మాటలు పడ్డారో నాకు తెలియదు. మెడ కిందిది కదా, నా గడి కాదు.

చప్పట్లు

ఆ ఏడాది నేను చాలా సంతోషంగా గడిపాను. మునెమ్మ ఇంటికి వెళ్ళాను, కాఫీ తాగాను, అందరి రెప్పలూ కాళ్ళూ ఫోటోలు తీశాను. ఎందుకని అడిగితే "సదువుకోడానికి" అన్నాను. జన్యు పరీక్ష చేయించే దారి మాకు లేదు గానీ, మూడు తరాలు, రెప్పలు, కాళ్ళు, అంతకంటే రుజువు అవసరం లేదని సుధాకర్ గారు మొదటి నెలలోనే చెప్పారు. అంటే నేను ఖాయం చేసుకోవడం ఆ నెలలోనే అయిపోయింది. మిగతా పదకొండు నెలలు ఏం చేశానంటే, స్లైడ్లు చేశాను.

కంటి డాక్టర్ల సదస్సులో చూపించాను. మునెమ్మ రెప్ప తెర మీద గుమ్మమంత కనపడింది. ఎక్కడో ఈగతో మొదలుపెట్టి పలమనేరులో ముగించాను. చప్పట్లు కొట్టారు. ఒక పెద్దమనిషి లేచి, ఇంత చిన్న ఊళ్ళో ఇంత పెద్ద పరిశీలనా అని మెచ్చుకున్నారు. ప్రశ్నలు చాలా అడిగారు. మూడో తరంలో ఉన్న ఆ అమ్మాయి ఇప్పుడేం చేస్తోందని మాత్రం ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు.

ఆ అమ్మాయి ఇంట్లో కూర్చుని మాత్రలు మింగుతోంది. డాక్టరమ్మ వద్దన్నదని చెబితే ఆరోగ్య కార్యకర్త, "కాగితం యాడుండాది?" అన్నాడట. కాగితం లేదు. ఆ మాత్రలకు కడుపులో తిప్పి, తల తిరిగి, మధ్యాహ్నం దాకా లేచేది కాదట. బోర్డు బోదకాలని రాసిందని తెలిశాక ఉపకేంద్రం నర్సమ్మ ఆమెను వెంట తిప్పుకోవడం మానేసింది. ఈ సంగతులన్నీ మునెమ్మ నాకు ఆరు వారాలకొకసారి, వెంట్రుకలు పీకించుకుంటూ, ఫిర్యాదు లాగా కాకుండా ఊరి కబుర్లలాగా చెప్పింది. నేను వింటూ పీకాను.

ఒక పేజీ

మరుసటి ఏడు మళ్ళీ బోర్డు కూర్చుంది, దొరసాని మళ్ళీ ఎంపికై వచ్చింది. ఈసారి నా గడిలో పట్టనంత రాయాల్సి ఉంది కాబట్టి, ముందురోజే విడిగా ఒక పేజీ రాసుకుని వెళ్ళాను. తల్లికి ట్రకోమా అని పదేళ్ళుగా నేను రాసింది తప్పు. కూతురిది బోదకాలు కాదు. ఇది వంశపారంపర్యంగా వచ్చేది, ఎవరికీ అంటదు. కాళ్ళకు బిగుతు మేజోళ్ళు వేసుకుని, పాదాలకు పుండ్లు పడకుండా చూసుకుంటే నర్సు పనికి అడ్డం కాదు. మాత్రలు ఆపాలి.

పెద్ద సారు రెండుసార్లు చదివారు.

"తప్పు అనే మాట తీసేయమ్మా. అభిప్రాయం మారిందని రాయి, సాలు."

"మారలేదు సార్. మొదటినించీ తప్పే."

ఆయన నా వైపు చూసి, గడియారం వైపు చూసి, సంతకం పెట్టారు. ఆయన ఆ నెలాఖరుకు రిటైర్ అవుతున్నారు. భోజనం వేళ కూడా అయింది. సర్జన్ చదవకుండానే తన గడి దిద్దేశాడు. నేను ఏడాది పొడవునా భయపడ్డ గండం మొత్తం ఐదు నిమిషాల్లో అయిపోయింది.

కాగితం తీసుకుని వరండాలోకి వచ్చాను. సీటు వచ్చినట్టేనని చెప్పాను. తర్వాత, పదేళ్ళు ఆలస్యంగా, మునెమ్మకు అసలు సంగతి చెప్పాను.

"ఇది మురికితో వచ్చింది కాదు మునెమ్మా."

"కాదా?"

"కాదు. మీ నాయన నించి నీకొచ్చింది, నీ నించి బిడ్డకొచ్చింది. రక్తంలో ఉండేది. నీ తప్పేమీ లేదు."

పెద్ద బరువు దించానని అనుకుంటూ ఆమె మొహంలో వెలుగు కోసం చూశాను. ఆమె తన చేతుల వైపు చూసుకుంది.

"మురికి అంటిరి, కడిగితిని" అంది. "దీన్ని యాడ కడగాల డాక్టరమ్మా?"

నేను చేతిలో ఉన్న కాగితాన్ని కూతురికి ఇచ్చాను. దొరసాని ఆ పేజీని నెమ్మదిగా, ఒక్కొక్క వాక్యం చదువుతోంది. చదవడం అయ్యాక తలెత్తింది.

"మేడమ్, ఇది మీకు పోయినేడే తెల్సునా?"

ఖాయం చేసుకోవాల్సి వచ్చిందని చెప్పొచ్చు. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా. చెప్పలేకపోయాను, నాకు సిగ్గేసింది.

"తెల్సు" అన్నాను.

ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. నాకు నమస్కారం పెట్టింది. "పోదాం పామ్మా, బస్సుండాది" అని తల్లి చెయ్యి పట్టుకుంది.

శిక్షణకు చేరేముందు, ఆరు వారాలకు, తల్లీకూతుళ్ళిద్దరూ వెంట్రుకలు తీయించుకోవడానికి మా విభాగానికి వచ్చారు. మునెమ్మ ఎప్పటిలాగే వచ్చి నా స్టూలు మీద కూర్చుని గడ్డం పట్టీ మీద పెట్టింది. దొరసాని నా దగ్గరికి రాకుండా, పక్క వరసలో పదిమంది వెనక నిలబడి, కొత్తగా చేరిన నా జూనియర్ దగ్గర చూపించుకుంది.